హిమాచల్ బీర్‌లో పారాగ్లైడింగ్: మా పైలట్‌కి ఐదు స్టార్లు, ఆఫీసుకి ఒకటి

ముందే చెప్పేస్తున్నా, పారాగ్లైడింగ్‌కి వెళ్లొద్దని ఎవర్నీ భయపెట్టడానికి రాయట్లేదు. మళ్లీ ఛాన్స్ వస్తే నేనే వెళ్తాను. కానీ ఎగిరే ముందు మాతో సంతకం పెట్టించుకున్న ఒక కాగితం గురించి, ఆ కాగితం చేతిలో ఉందన్న ధీమాతో ఆఫీసువాళ్లు మాట్లాడిన తీరు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న అక్టోబర్‌లో నేను, మా ఆయన, మా తమ్ముడు బీర్ వెళ్లాం. హిమాచల్‌లో కాంగ్రా జిల్లా. ఢిల్లీ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల దింపేస్తుంది. పైన బిల్లింగ్ అనే కొండ, దాదాపు 2400 మీటర్ల ఎత్తు, అక్కడి నుంచి ఎగురుతారు. కింద బీర్ దగ్గర పొలాల మధ్య మైదానంలో దిగుతారు. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ పోటీలు జరిగింది ఇక్కడే, కాబట్టి చోటు గురించి వంక పెట్టడానికేం లేదు. సీజన్ కూడా మంచిదే. జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా వానల వల్ల ఎగరడం నిషేధం, అది అయ్యాక ఆకాశం కడిగినట్టు ఉంటుంది. టిబెటన్ కాలనీలో తుక్పా అనే నూడుల్స్ సూప్ కూడా బాగుంది, దానికి వేరే రివ్యూ రాయాలి.

కంపెనీ పేరు రాయడం లేదు. అక్కడ బజార్లో ఇలాంటి ఆఫీసులు పక్కపక్కనే వరసగా ఉన్నాయి, ఒకదాని పేరు చెప్తే మిగతావన్నీ మంచివనుకుంటారు. నాకు అర్థమైనంతవరకు తేడా కంపెనీల మధ్య కంటే పైలట్ల మధ్యే ఎక్కువ.

వాట్సాప్‌లో బుకింగ్, మనిషికి 3000, వీడియోకి 500 అదనం. ఆఫీసుకి వెళ్తే ఒక కుర్రాడు ముందు మమ్మల్ని బరువు చూసే మిషన్ ఎక్కించాడు (మా ఆయన బరువు చూసి ‘సర్‌కి పెద్ద వింగ్ కావాలి’ అన్నాడు, అంటే తల మీద విచ్చుకుని ఎగరేసే గుడ్డ రెక్క, ఆయన అక్కడికక్కడే ఎగరడం మానుకున్నాడు, నేను కింద టీ తాగుతానన్నాడు). తర్వాత రెండు కాగితాలు తోశాడు. ఒకవైపు ఇంగ్లిష్, వెనకవైపు హిందీ, చీమలంత అక్షరాలు. ‘సైన్ కర్ దీజియే మేడమ్, జీప్ నికల్ రహీ హై.’ జీప్ ఎక్కడికీ పోలేదు, మేం సంతకం పెట్టాక ఇంకో ఇరవై నిమిషాలు అక్కడే ఉంది.

నేనైతే పెట్టేసేదాన్నే. ఆగిందల్లా మా ఆయన వల్ల. ఆయన ఎల్ఐసీ బాండు కూడా వెనకపేజీ దాకా చదివే మనిషి, ఎగరకపోయినా కాగితం మాత్రం చేతిలోకి తీసుకున్నాడు. అందులో నా పేరు, వయసు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ రాయాలి. గుండెజబ్బు, బీపీ, మూర్ఛ, గర్భం లేవని టిక్ పెట్టాలి. ఇక్కడిదాకా నాకే అభ్యంతరమూ లేదు, అవి అడగాల్సినవే, దాచిపెట్టి ఎగిరితే ఆ తప్పు మనదే. ఆ కింద అసలు సంగతి ఉంది. ఈ ఆటలో ప్రమాదం ఉందని నాకు తెలుసు, గాయమైనా ప్రాణం పోయినా, కంపెనీ నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, నేను గానీ నా వారసులు గానీ ఏమీ అడగం అని. ‘వారసులు’ అన్న మాట దగ్గర మా ఆయన నా మొహం వంక చూశాడు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘ఇందులో పైలట్ పేరు ఎక్కడ రాస్తారు?’

ఎక్కడా రాయరు. పైలట్ పేరుకి చోటు లేదు, లైసెన్స్ నంబరుకి చోటు లేదు, పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఆఖరికి కంపెనీ తరఫున సంతకం పెట్టే గీత కూడా లేదు. నా గురించి నా రక్తం గ్రూపు దాకా తెలుసు వాళ్లకి. వాళ్ల గురించి నాకు తెలిసిందల్లా గూగుల్ పే నంబర్. ఆయన ఫోన్ తీసి కాగితానికి రెండువైపులా ఫొటో తీసుకున్నాడు. కాపీ ఇవ్వమంటే ‘కాపీ నహీ దేతే సర్’ అన్నారు. నేను సంతకం పెట్టాను. అంతదూరం వెళ్లి, డబ్బులు కట్టి, తమ్ముడు ఎగిరి గంతులేస్తుంటే ఎవరు మాత్రం పెట్టరు?

జీప్‌లో ముప్పావుగంట ఎక్కుడు. పైన గడ్డి వాలు, దాని మీద రంగురంగుల వింగులు ఆరేసిన చీరల్లా పరిచి ఉన్నాయి. నాకు వచ్చిన పైలట్‌కి నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ. హార్నెస్, అంటే పట్టీలతో ఒంటికి బిగించే సీటు, వేశాక ఒక్కో బకిల్ దగ్గర ఆగి, పైకి పేరు చెప్తూ లాగి చూశాడు. ఎడమ కాలు, కుడి కాలు, ఛాతీ, హెల్మెట్, రెండు కొక్కేలు. తర్వాత నన్నే చేత్తో పట్టుకుని లాగి చూడమన్నాడు. గాలి అటూ ఇటూ తిరుగుతోందని పది నిమిషాలు కూర్చోబెట్టాడు, పక్కవాళ్లు వెళ్లిపోతున్నా కదల్లేదు. లేచాక చెప్పింది రెండే రెండు ముక్కలు: పరిగెత్తమంటే పరిగెత్తు, నేను చెప్పేదాకా కూర్చోకు. ఆ పది నిమిషాల కూర్చోబెట్టడానికే నేను ఐదో స్టార్ ఇస్తున్నాను.

మా తమ్ముడికి దొరికినవాడు కుర్రాడు, సరదా మనిషి, పాటలు పాడుతున్నాడు. హార్నెస్ తగిలించి ఛాతీ బకిల్ పెట్టాడు, ఈలోగా కెమెరా కర్ర సరిగ్గా బిగుసుకోవట్లేదని దాంతో కుస్తీ మొదలుపెట్టాడు. కర్ర బిగిసింది, రికార్డింగ్ ఆన్ అయింది, మావాడు కెమెరాకి బొటనవేలు చూపించాడు, ఇద్దరూ వాలు వైపు తిరిగారు. అప్పుడు చూశాను, మావాడి కుడి తొడ పక్కన పట్టీ కిందకి వేలాడుతోంది. చివర ఆ ప్లాస్టిక్ బకిల్ మోకాలి దగ్గర ఊగుతోంది. నాకు అది ఏమిటో అర్థమయ్యేలోపే నా పక్కనున్న మా పైలట్ వాళ్ల భాషలో గట్టిగా అరిచాడు. ఆ కుర్రాడు ఆగి, కిందకి చూసి, నాలుక కరుచుకుని, బకిల్ టక్కున పెట్టి, నవ్వుతూ మళ్లీ పాట అందుకున్నాడు. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు. మా తమ్ముడికి ఆ విషయం కిందకి దిగాక నేను చెప్తేనే తెలిసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఆ కాలి పట్టీలు అలంకారం కాదు. నేల వదిలేటప్పుడు, సీట్లో సర్దుకుని కూర్చునేదాకా, మనిషిని పట్టి ఉంచేది అవే. అవి పెట్టుకోకుండా నేల వదిలితే హార్నెస్‌లోంచి కిందకి జారిపోవడమే. 2024 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలో కుల్లు దగ్గర దోభిలో మన తెలంగాణ అమ్మాయి పైలట్‌తో కలిసి ఎగురుతూ పడి చనిపోయింది. సేఫ్టీ బెల్ట్ సరిగ్గా చూడలేదనే అప్పట్లో అధికారులు చెప్పారు, పైలట్‌ని అరెస్టు చేశారు. ఆ వార్త నేను చదివాను, చదివి కూడా బుక్ చేశాను, ఎందుకంటే అది వేరే చోట, వేరేవాళ్లకి జరిగింది కదా.

ఎగరడం గురించి ఏం చెప్పను, ఇరవై నిమిషాలు. కింద దేవదారు చెట్లు, ఎడమవైపు ధౌలాధార్ మంచు, చెవుల్లో గాలి తప్ప చప్పుడు లేదు. బాగుంది. కానీ ఆ ఇరవై నిమిషాలూ నా కళ్లు ముందు వెళ్తున్న పసుపు వింగు మీదే ఉన్నాయి, అమ్మకి ఏం చెప్పి తీసుకొచ్చానురా వీణ్ణి అని.

దిగాక ఆఫీసుకి వెళ్లాం. గొడవ పెట్టుకోవాలని కాదు, ఆ పైలట్ పేరు, లైసెన్స్ చూపించమని అడిగాం. మేనేజర్ అనుకుంటా, లోపల్నుంచి వచ్చి మా కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, సంతకం మీద వేలు పెట్టి ‘ఆప్‌నే సైన్ కియా హై నా?’ అన్నాడు. ఏమీ జరగలేదు కదా మేడమ్, ఎందుకు టెన్షన్ పడతారు అని కూడా అన్నాడు. హిమాచల్‌లో ఈ ఆటలకి 2004 నుంచే నిబంధనలు ఉన్నాయి, కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉండాలి, పైలట్‌కి లైసెన్స్ ఉండాలి, పరికరాలు తనిఖీ చేయించాలి. నేను అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు.

హైదరాబాద్ వచ్చాక వకీలుగా ఉన్న మా పిన్నికి ఆ ఫొటో పంపాను. ఆవిడ నవ్వి, చీరల కొట్లో ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ బోర్డు చూసి నువ్వు నోరు మూసుకుంటావా అంది. ఆవిడ చెప్పినదాంట్లో నాకు పనికొచ్చినవి మీకూ పనికొస్తాయి. గాలి హఠాత్తుగా మారి కాలు బెణికితే, అది ఆటలో ఉన్న ప్రమాదం, తెలిసి ఒప్పుకున్నావు, అక్కడ ఆ సంతకం వాళ్లకి కొంత పనికొస్తుంది. బకిల్ పెట్టడం మర్చిపోవడం ఆటలో ప్రమాదం కాదు, పని సరిగ్గా చెయ్యకపోవడం. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టామని కడుపులో కత్తెర వదిలేస్తే ఊరుకుంటామా? 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం జనహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. 1960లలో మద్రాసు హైకోర్టు ఒక లాండ్రీ కేసులో ఇదే చెప్పింది. రసీదు వెనక ‘బట్ట పోతే ధరలో 15 శాతమే ఇస్తాం’ అని అచ్చేసుకున్నంత మాత్రాన కొత్త చీర పోగొట్టినవాడు తప్పించుకోలేడని. చీరకే అలా అన్నారంటే మనిషి ప్రాణానికి ఏమంటారో చూసుకోండి. ఇంక ప్రాణం పోతే అది డబ్బు సంగతి మాత్రమే కాదు, నిర్లక్ష్యం వల్ల చావుకి కారణమైతే క్రిమినల్ కేసు, దాన్ని ఏ కాగితమూ ఆపలేదు.

2019 వినియోగదారుల చట్టం వచ్చాక ఇంకో సౌకర్యం ఉంది, కేసు వెయ్యడానికి కాంగ్రా దాకా పోనక్కర్లేదు, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఇంగ్లండ్‌లో అయితే 1977 నుంచీ చట్టమే ఉందట, నిర్లక్ష్యం వల్ల మనిషికి దెబ్బ తగిలినా చచ్చిపోయినా బాధ్యత లేదని వ్యాపారి రాసుకుంటే ఆ రాత చెల్లదని. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల సంతకానికి విలువ ఎక్కువే, కాబట్టి అక్కడ స్కైడైవింగ్‌కి వెళ్లే మనవాళ్లు మా ఆయనలా చదవడం నేర్చుకోండి. అలాగే మీ ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి, మా ఇద్దరి పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లోనూ సాహస క్రీడలకి వర్తించదని ఉంది, ఎగిరొచ్చాక చూసుకున్నాం.

మాది రాజమండ్రి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగింది. గోదావరి వరద మీద ఉంది, అయినా బోటు కదిలింది. 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, చాలామంది విప్పేసి పక్కన పెట్టుకున్నారు. అప్పుడు మా వీధిలో ‘వాళ్లే విప్పుకున్నారటగా’ అని అన్నవాళ్లున్నారు, నాకు ఆ మాట ఇప్పటికీ మంట. నది ఎక్కడ సుడి తిరుగుతుందో బోటు నడిపేవాడికి తెలుసు, టిఫిన్ తింటూ కూర్చున్నవాళ్లకి తెలుసా? విప్పకండి అని చెప్పాల్సింది ఎవరు? బిల్లింగ్ కొండ మీద కూడా అంతే. కాలి పట్టీ అనేది ఒకటుంటుందని మా తమ్ముడికి అసలు తెలియదు, తెలిసినవాడు కెమెరా కర్రతో కుస్తీ పడుతున్నాడు.

వెళ్లేవాళ్లు వెళ్లండి. డబ్బులు కట్టే ముందు పైలట్ పేరు, లైసెన్స్ అడగండి, ఫొటో తీసుకుంటానంటే మొహం మాడ్చుకునే చోటు వద్దు. కాగితానికి కూడా ఫొటో తీసుకోండి. పైన బకిల్స్ అన్నీ మీరే ఒకసారి లాగి చూడండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. గాలి బాలేదంటే డబ్బులు వాపసు ఇస్తారా అని కిందే అడగండి, ఇవ్వం అనేవాడు పైన ఎలాంటి గాలిలోనైనా ఎగరేస్తాడు.

వీడియో రెండు రోజుల తర్వాత వచ్చింది. మొదలయ్యేటప్పటికే మా తమ్ముడు గాల్లో ఉన్నాడు, వెనక ఏదో పంజాబీ పాట. ముందు ముక్క ఏదని, ఎడిట్ చెయ్యని ఫైల్ పంపమని మెసేజ్ పెట్టాను. ‘డిలీట్ హో గయా మేడమ్’ అని వచ్చింది, పక్కన చేతులు జోడించిన బొమ్మ, దాని కింద మాకు ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి అని లింకు.