రిలీజ్‌లో తొందర తగ్గాలంటే: ఒక్క అడుగుతో సాధనా, పూర్తి నడకతోనా?

ముందే చెప్పేస్తాను, ఇది క్రికెట్ బౌలింగ్ గురించి కాదు. పది పిన్నుల బౌలింగ్ గురించి, అంటే బంతిని దొర్లించి ఎదురుగా నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట గురించి. ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. బంతి చేయి దాటాక ఆ 60 అడుగుల్లో మనం చేయగలిగింది చూస్తూ నిలబడటమే.

రిలీజ్ దగ్గర, అంటే బంతిని వదిలే క్షణంలో కంగారు పడేవాళ్లకు సాధారణంగా రెండు రకాల సాధన చెబుతారు. నేను రెండూ చేశాను.

మొదటిది ఒక్క అడుగు డ్రిల్. కుడిచేతి వాటమైతే ఫౌల్ లైన్‌కి కాస్త వెనక నిలబడి, బంతిని ఊయలలా ముందుకీ వెనక్కీ ఊపి, అది వెనక పైకెళ్లి కిందకి దిగడం మొదలయ్యాక ఎడమ కాలు జార్చి వదలాలి. పరుగు లేదు కాబట్టి మనసంతా చేతి మీదే ఉంటుంది. బంతిని మనం లాగక్కర్లేదు, దాని బరువే దాన్ని కిందకి తెస్తుందని ఇక్కడ ఒంటికి తెలుస్తుంది. చీలమండ పక్కకి వచ్చేసరికి బొటనవేలు ముందు బయటపడుతుంది, ఆ తర్వాతే రంధ్రాల్లో ఉన్న మిగతా రెండు వేళ్లు. ఆ రెంటి మధ్య ఉన్న రెప్పపాటులోనే బంతికి తిరుగుడు వస్తుంది. తొందరపడి మణికట్టు ముందే తిప్పేస్తే చేయి బంతి మీదకి ఎక్కేస్తుంది, తిరుగుడు పోతుంది.

ఇంత బాగుంది కదా, చిక్కేమిటంటే పూర్తి నడకకి రాగానే ఇదంతా గాలికి పోతుంది. నాకైతే మూడో బంతికే పోయింది.

కారణం రెండో పద్ధతిలో, అంటే పూర్తి నడకతో చేసే సాధనలో దొరికింది. నాలుగు అడుగుల నడకలో మొదటి అడుగుతో పాటే బంతిని ముందుకు తోయాలి. రెండో అడుగుకి అది కాలి పక్కకి దిగాలి, మూడో అడుగుకి వెనక పైకి చేరాలి, నాలుగోది స్లైడ్, అంటే ఎడమ కాలు జార్చి ఆగడం. తోయడం ఆలస్యమైతే కాలు ఆగిపోయినా బంతి ఇంకా వెనకే ఉంటుంది. దాన్ని అందుకోవడానికి భుజం గుంజుతుంది, బంతి అడ్డంగా పోతుంది. మరీ ముందే తోసేస్తే బంతే ముందొచ్చి, కాలు ఇంకా కదులుతూనే ఉంటుంది. అప్పుడు వేసినట్టుండదు, జారవిడిచినట్టుంటుంది. అంటే చివర్లో కనిపించే తొందర చాలాసార్లు మొదటి అడుగులో చేసిన అప్పే. అక్కడ ఆలస్యం చేసి, లైన్ దగ్గర ఓపిక పట్టమంటే ఎలా కుదురుతుంది?

అందుకే ఒకటే ఎంచుకోమంటే నేను రెండోదే అంటాను. మీ సంగతి తేల్చుకోవాలంటే పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి. స్లైడ్ కాలు ఆగిన చోట బొమ్మ ఆపి చూడండి. బంతి ఇంకా వెనక నడుము ఎత్తులోనే ఉందా, అప్పటికే కాలు దాటిపోయిందా? రెంటిలో ఏదైనా మొదటి అడుగు దగ్గరే పని. బంతి కాలి దగ్గరికి సరిగ్గానే వస్తూ, వదిలేది మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే ఒక్క అడుగు డ్రిల్ చాలు. గట్టి ఆటగాళ్లలో కొందరు కావాలనే కాస్త ఆలస్యపు టైమింగ్‌తో వేస్తారు, అందులో బలం ఎక్కువ. ముందు మామూలుది కుదరనివ్వండి.

ఈ రెండూ పనిచేయని సందర్భం కూడా ఉంది. బంతి మీకు మించిన బరువైతే, లేదా బొటనవేలి రంధ్రం కొలత కుదరకపోతే, వేళ్లు తమంతట తామే బిగుసుకుంటాయి. నిబంధనల్లో 16 పౌండ్ల దాకా ఒప్పుకుంటారని అంత బరువే మోయక్కర్లేదు. ఆడుతూ ఉంటే వేలు ఉబ్బడం కూడా మామూలే. రెండో గేమ్‌లో ఉన్నట్టుండి బంతి చేతికి అంటుకుంటోందనిపిస్తే టైమింగ్‌ని తిట్టుకోకండి, బిగువు కోసం రంధ్రంలో అతికించిన టేప్ ముక్క ఒకటి తీసి చూడండి.