జడ్చర్లలో ఇల్లు కొనొచ్చా? ఏళ్లుగా ఉంటున్నవాళ్ల మాట

జడ్చర్లలో ఇల్లు తీసుకోవచ్చా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్‌లో అద్దెలు భరించలేక అడిగేవాళ్లు కొందరు. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేస్తూ హైదరాబాద్‌కు కాస్త దగ్గర జరుగుదామనుకునేవాళ్లు కొందరు. "ప్లాటు తీసి పెట్టుకుంటే డబుల్ అయితదట గదా" అనేవాళ్లు ఇంకొందరు. మొదటి రెండు రకాలవాళ్లకూ కొనమనే చెబుతాను. మూడో రకంవాళ్లకు నా జవాబు వేరు, అది చివర్లో చెబుతాను.

మేం 2017లో కొన్నాం. పాత బాదేపల్లి వైపు కట్టిన ఇల్లు, స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరం. నా ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో, మా ఇంటాయనది శంషాబాద్ వైపు. ఇద్దరికీ మధ్యలో పడే ఊరు కావాలని వెతుకుతుంటే ఇది కుదిరింది. షాద్‌నగర్ కూడా చూశాం. అక్కడ అప్పటికే గజం ధర మా అందులో లేదు. పైగా అక్కడి నుంచి రోజూ పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ రావడం నాకు దూరాభారం.

ముందు రవాణా సంగతి. ఊరి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది, అంటే హైదరాబాద్–బెంగళూరు రోడ్డు. దాన్ని 167వ నంబరు రహదారి ఇక్కడే దాటుతుంది: అటు పోతే మహబూబ్‌నగర్, మక్తల్, రాయచూరు, ఇటు పోతే కల్వకుర్తి, దేవరకొండ వైపు, మిర్యాలగూడ, కోదాడ. ఇవి కాక రైలు. మాలాంటి ఊళ్లో ఈ మూడూ ఉండటం చిన్న విషయం కాదు. అయితే బ్రోచర్‌లో "హైవేకు ఐదు నిమిషాలు" అని రాసింది చూసి మోసపోకండి. మీరు ఎక్కే బస్సు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. కర్నూలు, బెంగళూరు వెళ్లే బస్సులు చాలావరకు ఊళ్లోకి రాకుండా పైనుంచే వెళ్లిపోతాయి. రాత్రి పూట ఫ్లైఓవర్ దగ్గర దిగితే అక్కడి నుంచి ఇంటికి ఆటో దొరకాలి. దొరికినా అడిగినంత ఇవ్వాలి. ఇల్లు చూడటానికి పగలు పదకొండు గంటలకు కారులో వచ్చి వెళ్లడం కాదు, ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక బస్సు దిగి ఆ ఇంటి దాకా రండి. అసలు దూరం అప్పుడు తెలుస్తుంది.

రైలు విషయంలో మా బతుకు నిజంగా మారింది. మేం వచ్చిన కొత్తలో సింగిల్ లైను. కాచిగూడ నుంచి వచ్చే బండి ఏ తిమ్మాపూర్‌లోనో, బాలానగర్‌లోనో క్రాసింగ్ కోసం ఆగిపోయేది. ఎదురు బండి ఎప్పుడొస్తుందో తెలియదు. జనం దిగి పట్టాల పక్కన నిలబడి ఫోన్లలో ఇంటికి చెప్పుకునేవాళ్లు, వస్తున్నాం, కూర వేడి చేయమని. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. అప్పటి నుంచి ఆ ఆగుడు బాగా తగ్గింది. మా ఇంటాయన వచ్చే బండి టైము చూసి అన్నం పొయ్యి మీద పెట్టే రోజులు వచ్చాయి, నాకదే పెద్ద సంతోషం. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ మాత్రం ఇక్కడ ఆగదు, మహబూబ్‌నగర్‌లో ఎక్కాలి. ప్లాట్లు అమ్మేవాళ్లు వందే భారత్ బొమ్మ వేసి కాగితాలు పంచుతుంటారు కాబట్టి చెబుతున్నా.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. నాకు నెలనెలా మిగిలే డబ్బు తక్కువేం కాదు. సీటు దొరకదు, అది నిజమే. అయినా ఇంతకుముందు ఇల్లు కదలని మా వీధి ఆడవాళ్లు ఇప్పుడు పాలమూరు పోయి కుట్టు పని నేర్చుకుంటున్నారు, పిల్లను కాలేజీలో దించి వస్తున్నారు. ఇల్లు కొనేటప్పుడు ఇలాంటివి లెక్కలోకి రావు గానీ, ఉంటున్నప్పుడు ఇవే లెక్క.

ఇబ్బంది ఎక్కడంటే సిగ్నల్ గడ్డ దగ్గర. సాయంత్రం కంపెనీ బస్సులు, పల్లికాయ, మక్కల లోడుతో మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు, స్కూలు ఆటోలు అన్నీ ఒకేసారి అక్కడ పడతాయి. ఇల్లు దానికి ఏ పక్కన ఉందన్నది చాలా ముఖ్యం. మీ పని మహబూబ్‌నగర్ వైపు అయితే ఆ కూడలి దాటాల్సిన అవసరం లేని పక్కనే చూసుకోండి. ధర కాస్త ఎక్కువైనా సరే.

ఇక మనుషుల సంగతి. నా దృష్టిలో జడ్చర్ల అసలు విలువ ఇదే. పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి) మందుల కంపెనీలు రావడంతో ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి పిల్లలు పనికి వచ్చారు. ముందు నుంచీ ఇక్కడ ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి, చుట్టూ లంబాడీ తండాలున్నాయి, బజార్‌లో మార్వాడీ దుకాణాలున్నాయి, రాయచూరు వైపు నుంచి వచ్చిన కన్నడంవాళ్లున్నారు. ఇప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టులో సోనామసూరి బస్తా పక్కనే ఉప్పుడు బియ్యం బస్తా ఉంటుంది. పైన అరలో పల్లి నూనె ప్యాకెట్లు, వాటి పక్కన ఆవనూనె సీసాలు. కొట్టు నడిపే అక్క తెలుగు తప్ప రాని మనిషి. ఇప్పుడు ఒడియాలో అంకెలు చెబుతుంది, హిందీలో బాకీ అడుగుతుంది. ఆదివారం చేపల బండి దగ్గర బెంగాల్ పిల్లలు బొచ్చె, రవ్వ చేపల మొప్పలు ఎత్తి చూసి బేరమాడుతుంటే మావాళ్లు పక్కన నిలబడి నేర్చుకుంటారు.

పాలమూరు వాళ్లుగా ఇది మాకు మామూలుగా తీసుకునే విషయం కాదు. మా మేనమామలు బొంబాయి, పుణె పోయి కట్టడాల మీద పని చేశారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరిగిన పేరు. అక్కడ భాష రాని చోట, గది ఇవ్వని చోట వాళ్లు పడ్డ బాధలు ఇంట్లో విన్నవాళ్లం. ఇప్పుడు మన ఊరికి పని కోసం వచ్చిన పిల్లాడికి "బయటోళ్లకు ఇయ్యం" అని గది లేదంటే మనసు ఒప్పుకోదు. కొన్ని కాలనీల్లో ఇంకా అలాగే అంటున్నారు. నాకు అది చాలా తప్పుగా అనిపిస్తుంది. మా కింది భాగం గదిలో ఒడిశా అబ్బాయిలు ఉంటున్నారు. షిఫ్టు బట్టి ఇద్దరు పడుకుంటే ఇద్దరు పనిలో ఉంటారు. అద్దె నెల తప్పలేదు. లాక్‌డౌన్‌లో సొంతూరు పోలేక ఇక్కడే ఉండిపోయినప్పుడు కూడా "దీదీ, కొంచెం ఆలస్యమవుతుంది" అని ముందే చెప్పి, తర్వాత లెక్క పెట్టి ఇచ్చారు. అద్దె ఒప్పందం రాసుకోండి, ఆధార్ కాపీ తీసుకోండి, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి. అది అందరి విషయంలోనూ చేయాల్సిందే, తెలుగు మాట్లాడితే ఒకటి, లేకపోతే ఒకటి కాదు.

ఈ సెజ్ ఎలా వచ్చిందో కూడా కొనేవాళ్లు తెలుసుకోవాలి. పోలేపల్లి రైతులు తక్కువ పరిహారానికి భూములు పోగొట్టుకున్నారు. 2009 ఎన్నికల్లో పలువురు జడ్చర్ల నుంచి స్వతంత్రులుగా నిలబడి ఆ గోడు ఊరందరికీ వినిపించారు. ఉదండాపూర్ రిజర్వాయర్ కింద ఊళ్లు పోయే కుటుంబాలు కూడా ఈ చుట్టుపక్కలే నీడ వెతుక్కుంటున్నాయి. మనం పెరుగుతుందని మురిసే గజం ధర వెనుక వీళ్ల ఎకరాలున్నాయి. ప్లాటు బేరం చేసేటప్పుడు ఎదుట కూర్చున్నది అలాంటి రైతే అయితే చివరి వెయ్యి కోసం పీడించకండి.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మేం కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం. 2021 జూలై నుంచి అది 7.5 శాతం. 30 లక్షల విలువకు రెండు లక్షల పాతిక వేలు అక్కడే పోతుంది, ఇంటి ధర మాట్లాడేటప్పుడే ఇది పక్కన పెట్టుకోవాలి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అది ఒక్కటీ చూసి ఊరుకోకుండా లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, వరుసగా పేర్చి చదివించండి. మా వైపు అసైన్డు భూములు, అంటే సర్కారు పేదలకు ఇచ్చినవి, ఎక్కువ. 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకం చెల్లదు. ఎంతమంది చేతులు మారినా, మీద ఇల్లు లేచినా చెల్లదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో, చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే జాగాలో) పడుతుందేమో చూడాలి. మేం చూసిన ఒక ప్లాటులో అమ్మే మనిషి తెచ్చిన నక్షాలో రోడ్డు ముప్పై అడుగులు, అక్కడ టేపు పట్టి కొలిస్తే ఇరవై కూడా లేదు. మాట్లాడకుండా లేచి వచ్చేశాం.

పాత లేఅవుట్‌లో అనుమతి లేని ప్లాటు అయితే ఎల్‌ఆర్‌ఎస్ కాగితం, అంటే ఫీజు కట్టి ప్లాటును క్రమబద్ధం చేయించుకున్న కాగితం అడగండి. 2020 పథకం ఆ ఏడాది ఆగస్టు 26లోపు రిజిస్టరైన ప్లాట్లకు. 2025లో ఫీజు మీద 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు మా కాలనీలో చాలామంది కట్టేశారు. కట్టనివాళ్ల ప్లాట్లు ఇప్పుడు చౌకగా కనిపిస్తాయి. ఆ చౌక ఎందుకో బ్యాంకుకు వెళ్లి లోన్ అడిగితే తెలుస్తుంది. డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి ఉన్న లేఅవుట్ అయితే ఖాళీ స్థలం మున్సిపాలిటీ పేరు మీద రాసిచ్చారో లేదో కూడా చూడండి. ఒకచోట పార్కు అని చూపించిన జాగాలో ఇప్పుడు షెడ్డు ఉంది.

నీళ్లు: భగీరథ నీళ్లు వస్తాయి, రోజూ ఒకే వేళకు రావు. సంపు తప్పనిసరి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, గీజరు కాయిల్ ఎక్కువ కాలం ఉండదు. మురుగు కాలువలు వానాకాలంలో పొంగుతాయి, కాబట్టి జూలై, ఆగస్టుల్లో ఒకసారి వచ్చి ఆ వీధి చూసుకుని కొనండి. కంపెనీల వైపు గాలి తిరిగిన రాత్రి ఘాటు వాసన వస్తుంది. మా ఇంటికి అరుదుగానే, కానీ హైవేకు అవతల ఉన్న మా చెల్లె కుటుంబానికి అది పెద్ద సమస్య. చిన్న పిల్లలుంటే, ఆయాసం ఉన్న పెద్దవాళ్లుంటే ఆ వైపు వద్దు. ఈ విషయంలో కాలనీవాళ్లం కలిసి అర్జీలు పెడుతూనే ఉన్నాం, పెడతాం కూడా.

ఇక డబుల్ అవుతుందని అడిగేవాళ్లకు. దివిటిపల్లిలో 2023లో ఐటీ టవర్ తెరిచినప్పుడు, పక్కనే బ్యాటరీ పరిశ్రమకు శంకుస్థాపన జరిగినప్పుడు ఇక్కడ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. రీజనల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి షాద్‌నగర్, ఆమనగల్లు చుట్టూ ఇంకా ఎగిశాయి. ఆ ఊపులో గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు కొన్నవాళ్లు నాకు తెలుసు. గుంట అంటే 121 గజాలు. దారి కాగితం మీదే ఉంటుంది, కంచె మనదే, కాపలా మనదే. అమ్ముదామంటే కొనేవాడు రాడు. ఊరికి దూరంగా, మనిషి అలికిడి లేని చోట కొన్న జాగా మీద పెట్టిన డబ్బు ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేరు. నా మాట ఏమిటంటే, ఈ రోజు తాళం తీసి కాపురం పెట్టగలిగిన చోట, లేదా ఈ నెలే ఎవరైనా అద్దెకు దిగే చోట కొనండి. అలాంటి జాగా నేతాజీ చౌరస్తా నుంచి కావేరమ్మపేట దాకా ఇంకా దొరుకుతుంది. పాత ఇల్లయినా, గోడలు కాస్త పెచ్చులూడినా ఫర్వాలేదు.

మా ఇంటికి ఈ మధ్య బేరం వచ్చింది. మేం పెట్టినదానికి బాగా ఎక్కువే. ఇంటాయన ఒక రోజు ఆలోచించాడు, నేను ఆ మాత్రం కూడా ఆలోచించలేదు. పై అంతస్తుకు ప్లాను గీయించాం. కింద ఉన్న అబ్బాయిల్లో ఒకతను పెళ్లి చేసుకుని భార్యను తీసుకొస్తానంటున్నాడు, వంటగది విడిగా ఉన్న పోర్షన్ కావాలట. అనుమతి రాగానే పిల్లర్లు లేపుతాం.