బరంపురంలో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌కి ఎక్కించే షాపు: శ్రుతికి పూర్తి మార్కులు, పేర్లకు సున్నా

ఇంట్లో బాలమురళీకృష్ణ గారి పాత క్యాసెట్లు డబ్బాలో మూలుగుతూ, టేప్‌రికార్డర్ ఎప్పుడో చచ్చిపోయి ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్ల కోసం ఇది రాస్తున్నా. బరంపురంలో బడాబజారు వైపు ఒక సందులో పాత రేడియోలు బాగుచేసే చిన్న షాపుంది. ఒడియా బోర్డు మీద పేరు చెరిగిపోయింది. లోపల పెద్దాయన మాత్రం శుభ్రంగా తెలుగులో మాట్లాడతాడు, మధ్యలో నాలుగు ఒడియా ముక్కలు కలిపి.

క్యాసెట్‌కి 150 రూపాయలు. మొబైల్ షాపుల్లో ఇంకా తక్కువకే చేస్తారు, కానీ వాళ్లు చేసేది కంప్యూటర్‌కి వైరు తగిలించి టీకి వెళ్లిపోవడమే. ఈయన ముందు టేపుని చదివే హెడ్డుని స్పిరిట్‌తో తుడుస్తాడు, టేపుకి బూజు పట్టిందేమో చూస్తాడు, లోపల టేపుని నొక్కిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే కొత్తది అంటిస్తాడు, హెడ్డు పక్క స్క్రూని గొంతు తేటగా వచ్చేదాకా అటూ ఇటూ తిప్పుతాడు. ఆ తర్వాత అసలు పని, స్పీడు. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. బెల్టు సాగి ఆ వేగం 6 శాతం తగ్గితే శ్రుతి ఒక స్వరస్థానం దిగిపోతుంది, బాలమురళి గొంతు బాలమురళిలా ఉండదు.

సినిమా పాటలకైతే ఇంత పట్టింపు అక్కర్లేదేమో. బాలమురళి కట్టిన రాగాల సంగతి వేరు. లవంగిలో, మహతిలో ఉన్నవి నాలుగే స్వరాలు. అంత తక్కువ స్వరాల మీద నిలబడి గొంతు సాగదీస్తుంటే టేపు కాస్త వణికినా చెవికి వెంటనే తగులుతుంది. పెద్దాయన ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని మరీ సరిచూశాడు, ఒక క్యాసెట్‌కి బెల్టు మార్చి మొదటినుంచీ మళ్లీ ఎక్కించాడు, దానికి అదనంగా ఏమీ అడగలేదు.

ఇక పేర్లు. ఇక్కడ మాత్రం నాకు ఒళ్లు మండింది. ఫైళ్లన్నిటికీ బాలమురళి 1, బాలమురళి 2 అని పెట్టి ఇచ్చేశాడు. అందులో త్యాగరాజ కృతులున్నాయి, బాలమురళి సొంత కృతులున్నాయి, తిల్లానాలున్నాయి, విజయవాడ చుట్టాలు రేడియోలో భక్తిరంజని వస్తుంటే పట్టి పంపినవీ ఉన్నాయి. అడిగితే "పాడింది ఆయనే కదా బాబూ" అన్నాడు. ఈయనొక్కడే కాదు, చాలామంది అంతే, ఆయన్ని గాయకుడిగానే లెక్కేస్తారు. 1930లో కోనసీమ శంకరగుప్తంలో పుట్టి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకుని, మీసాలు రాని వయసులోనే 72 మేళకర్తల్లోనూ, అంటే మిగతా రాగాలకి మూలమైన జనక రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టడానికి కూర్చున్న మనిషి. అవే 1952లో జనకరాగమంజరిగా పుస్తకమయ్యాయి. మొత్తం రచనలు నాలుగొందల పైమాటే. కొత్త రాగాలు నావి అంటే వీణ బాలచందర్ గారు ఒప్పుకోక పెద్ద గొడవే చేశారు. ఆ గొడవలో ఎవరి పక్షం ఎలా ఉన్నా, మహతిలో పాట విన్నాక నాకు ఆ వాదన మీద ఆసక్తి పోయింది. 1975లో వచ్చిన అపూర్వ రాగంగళ్ అనే తమిళ సినిమాలో కూడా ఆ రాగం వాడుకున్నారు. 1991లో పద్మవిభూషణ్, 2016 నవంబరులో చెన్నైలో మరణం, ఇవి అందరికీ తెలిసినవే.

కాబట్టి వెళ్లేముందు ప్రతి క్యాసెట్‌కీ రెండు వైపుల పాటలూ, రాగం, రచన ఎవరిదో కాగితం మీద రాసుకుని ఇవ్వండి, అప్పుడు అవే పేర్లు పెడతాడు. అట్ట పోయి ఉంటే చరణం చివర వినండి, త్యాగరాజ అని వస్తే అర్థమవుతుంది, మురళి అన్న ముద్ర, అంటే సంతకంలా పెట్టుకునే పేరు, వస్తే బాలమురళిదే.

అడగకపోతే ఎంపీ3 ఒక్కటే ఇస్తాడు. నాణ్యత తగ్గకుండా ఉండే వేవ్ ఫైలు కూడా కావాలని ముందే చెప్పండి, గంట క్యాసెట్‌కి 600 ఎంబీ దాకా పడుతుంది, పెన్‌డ్రైవ్ పెద్దదే పట్టుకెళ్లండి. మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించేస్తే మళ్లీ ఎప్పుడు ఎత్తుతాడో ఆయనకే తెలియదు, ఫోన్ చేస్తే ఎత్తడు. పర్లాకిమిడి నుంచి బస్సులో వచ్చేవాళ్లు పొద్దున్నే చేరుకుంటే మంచిది. చెప్పిన రోజుకి వారం కలుపుకోండి.