కోణాల గిటారు: ‘వీ’ మేలా, ఎక్స్‌ప్లోరర్ మేలా?

కోణాల గిటారు, అంటే ఒళ్లు గుండ్రంగా కాక మొనలు తేలి ఉండే ఎలక్ట్రిక్ గిటారు, కొనాలనుకునేవాళ్లు సలహా అడిగితే, ఏ సంగీతం వాయిస్తారని నేను ముందుగా అడగను. రోజూ ఎక్కడ కూర్చుని వాయిస్తారని అడుగుతాను. చాలామంది నవ్వుతారు. ఇలాంటి గిటారు వేదిక మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి వాయించడానికి కదా, మధ్యలో కుర్చీ గొడవ ఎందుకు అంటారు. లెక్క వేసుకుంటే మనలో ఎక్కువమంది వారానికి ఒక గంట కూడా వేదిక మీద ఉండరు. మిగిలిన సాధనంతా మంచం అంచునో, చేతులు లేని కుర్చీలోనో జరుగుతుంది. ఆకారం మనతో పేచీ పెట్టుకునేది అక్కడే.

ఈ వంశానికి మూలపురుషులు ఇద్దరు: ఆంగ్ల V అక్షరంలా రెండు రెక్కలున్న ఫ్లయింగ్ వీ, ఎక్స్‌ప్లోరర్. రెండూ 1958లో గిబ్సన్ సంస్థ నుంచి వచ్చాయి. తమ గిటార్లు పాతకాలపువన్న పేరు పోగొట్టుకోవడానికి అధ్యక్షుడు టెడ్ మెకార్టీ హయాంలో వీటిని కొరీనా కలపతో చేశారు. జనం వింతగా చూశారే తప్ప కొనలేదు. తొలి రెండేళ్లలో బయటికి వెళ్లిన ఫ్లయింగ్ వీ గిటార్లు వంద లోపే, ఎక్స్‌ప్లోరర్లు అంతకన్నా తక్కువ. ఆ తొలి గిటార్లు ఇప్పుడు సంపన్న సేకర్తల దగ్గర భద్రంగా ఉన్నాయి, మన కథకు అవి అక్కరలేదు. 1960ల చివర్లో వీ, 1970ల మధ్యలో ఎక్స్‌ప్లోరర్ మళ్లీ తయారీలోకి వచ్చాయి. తరువాత పుట్టిన డీన్ ఎమ్మెల్, జాక్సన్ రోడ్స్ వంటివి ఈ ఇద్దరి సంతానమే. కాబట్టి ఈ రెండింటి తేడా చేతికి తెలిస్తే మిగతావాటి స్వభావం సగం తెలిసినట్టే.

ముందు కుర్చీ సంగతి

మామూలు గిటారుకు నడుము ఉంటుంది. లోపలికి తిరిగిన ఆ వంపు కుడి తొడ మీద కుదురుగా కూర్చుంటుంది. వీకి నడుము లేదు. కింది రెక్క అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తొడ మీద మామూలుగా పెడితే జారుబండ ఎక్కిన పిల్లవాడిలా జర్రున దిగిపోతుంది. చేసినవాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 1958 నాటి వీలకు కింది రెక్క అంచున గరుకైన రబ్బరు పట్టీ అతికించారు. అలా సమస్య ఉందని ఒప్పుకున్నారు గానీ దాన్ని తీర్చలేకపోయారు.

వీని ఒళ్లో పెట్టుకునే పద్ధతి వేరు. రెండు రెక్కల మధ్య సందులోకి తొడ రావాలి. పై రెక్క తొడ మీద, కింది రెక్క రెండు తొడల మధ్య ఉండాలి. అప్పుడు గిటారు కదలదు. మెడ పైకి లేచి ఎడమ భుజం ఎత్తుకు వస్తుంది. క్లాసికల్ గిటారు వాయించేవాళ్లు ఎడమ పాదం కింద చిన్న పీట వేసుకుని ఏ భంగిమ సాధిస్తారో, ఇక్కడ పీట లేకుండానే దాదాపు ఆ భంగిమ వచ్చేస్తుంది. ఎడమ మణికట్టు మెలి తిరగదు, వేళ్లు దూరపు ఫ్రెట్లకు (మెడ మీది అడ్డు లోహపు గీతలు) హాయిగా చాచుకోవచ్చు. నేను కొన్న మొదటి కోణాల గిటారు వీయే. మొదటి నెలంతా దాన్ని తిట్టుకున్నాను. మూడో నెలకు నా పాత గుండ్రటి గిటారును కూడా ఎడమ తొడ మీదికి మార్చి, మెడ పైకెత్తి వాయించడం మొదలుపెట్టాను. అంతకుముందు గంట దాటితే లాగే మణికట్టు ఆ తరువాత లాగలేదు.

అయితే దీనికి నిటారుగా కూర్చునే ఓపిక కావాలి. సోఫాలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, ఎదుట తెర మీద ఏదో చూస్తూ వాయించే అలవాటు ఉన్నవాళ్లకు వీ లొంగదు. తప్పుగా కూర్చున్నామని అది ప్రతిసారీ గుర్తు చేస్తుంది. కొందరికి అది గురువు, కొందరికి పోరు.

ఎక్స్‌ప్లోరర్ దగ్గర ఈ తంటా లేదు. చూడటానికి పలక పగిలిన ముక్కలా ఉన్నా దాని కింది అంచున తొడకు సరిపోయే వంపు ఉంది. కుడి తొడ మీద పెట్టుకుంటే మామూలు గిటారులాగే నిలుస్తుంది, కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. దాని ఇబ్బంది దాని పరిమాణం. ఒళ్లంతా ఆక్రమిస్తుంది. వెనకవైపు పెద్ద రెక్క కుడి ముంజేయి కిందికి వస్తుంది. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్లకు ఆ రెక్క మీదుగా చెయ్యి వేసేసరికి భుజం పైకి లేస్తుంది, అర గంటకు మెడ నరం పట్టినట్టు ఉంటుంది. పాత తరహా ఎక్స్‌ప్లోరర్ అంచు బల్ల అంచులా నిటారుగా ఉంటుంది, పొట్టి చేతుల చొక్కా వేసుకుని వాయిస్తే ముంజేతి మీద గీత పడుతుంది. అంచును వాలుగా చెక్కిన నమూనాలను చాలామంది తయారీదారులు చేస్తున్నారు. మీ చేతులు పొట్టివైతే అవే చూడండి.

కుడి చేతికి మాత్రం ఆ పెద్ద రెక్కే వరం. ముంజేయి ఆనడానికి అంత విశాలమైన చోటు ఉంటే అరచేతి అంచు బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర తీగల మీద కదలకుండా నిలుస్తుంది. తీగలను అరచేత్తో నొక్కిపట్టి, పిక్‌ను ఎప్పుడూ కిందికే కొడుతూ, వేగంగా సాగే రిఫ్‌లు (పదే పదే వచ్చే చిన్న స్వర వరసలు) వాయించేవాళ్లకు ఈ ఆనిక ఎంత విలువైనదో తెలుసు. మెటల్ బృందం మెటాలికా గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఏళ్ల తరబడి ఈ ఆకారాన్ని వదలకపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పను గానీ, ఆయన కుడి చేతిని చూసినప్పుడల్లా నాకు ఈ రెక్క గుర్తుకొస్తుంది. ఇదే ఆకారంతో యూటూ బృందపు గిటారిస్టు ఎడ్జ్ 1976 నాటి ఎక్స్‌ప్లోరర్ మీద ప్రతిధ్వనులతో తేలిపోయే సంగీతం వాయించాడు. కోణాలున్నాయి కాబట్టి మెటల్ వాయించాలన్న నియమం ఎక్కడా లేదు.

నిలబడితే

పట్టీ వేసుకుని నిలబడి ఎడమ చెయ్యి తీసేయండి. మెడ నేలకేసి వాలిందా? దాన్ని గిటారిస్టులు నెక్ డైవ్ అంటారు. మామూలు రెండు కొమ్ముల గిటారులో పట్టీ తగిలించే బొత్తం పై కొమ్ము చివర, దాదాపు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఉంటుంది. బరువు ఆ బొత్తానికి అటూ ఇటూ సర్దుకుంటుంది. వీకి పై కొమ్ము లేదు. బొత్తం మెడ మొదట్లో, భుజం దగ్గరో వెనకో ఉంటుంది. ఒంటి కలప తేలికైనదై, మెడ చివర ట్యూనర్లు (తీగల శ్రుతి బిగించే మరలు) బరువైనవైతే తల వాలుతుంది. అప్పుడు ఎడమ చెయ్యి వాయించే పనితో పాటు మోసే పని కూడా చేయాలి. ఫ్రెట్ల మధ్య చెయ్యి మారే వేగం తగ్గేది ఇందుకే, మీ సాధన లోపం వల్ల కాదు. లోపలివైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలు పట్టీ వేస్తే భుజం మీద జారకుండా పట్టుకుంటుంది, చాలావరకు సరిపోతుంది. ఎక్స్‌ప్లోరర్‌కూ ఈ జబ్బు కొంత ఉంది, వెనక ఉన్న పెద్ద రెక్క బరువు దాన్ని కాస్త అదుపులో ఉంచుతుంది. ఒకే నమూనాలో కూడా ఒక్కో గిటారు ఒక్కో రకంగా తూగుతుంది కాబట్టి మీరు కొనబోయే గిటారునే మెడలో వేసుకుని చూడాలి.

పై ఫ్రెట్ల విషయంలో వీకి పోటీ లేదు. మెడకు రెండు పక్కలా కలప తప్పుకుని ఉంటుంది, చివరి ఫ్రెట్ వరకు చెయ్యి అడ్డం లేకుండా వెళుతుంది. సోలోల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఇక్కడే తేల్చుకోవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లోనూ పై స్వరాలు అందుతాయి, అయితే ఇంత స్వేచ్ఛగా కాదు.

ఎడమచేతి వాటం వాళ్లకు వీలో మరో సుఖం ఉంది. రెండు రెక్కలు సమానం కాబట్టి కుడిచేతి గిటారును తిరగేసినా తూకం పెద్దగా చెడదు. బ్లూస్ వాద్యకారుడు ఆల్బర్ట్ కింగ్ అలాగే తిరగేసి, సన్నతీగలు పైకి వచ్చేలా పెట్టుకుని వాయించాడు. తీగను పైకి తోయకుండా కిందికి లాగి వంచే ఆయన పద్ధతి అందులోంచి వచ్చిందే.

రోడ్స్ గిటారును వీలో ఒక రకం అనుకుంటే సరిపోదు

1980 చివర్లో గిటారిస్టు రాండీ రోడ్స్, గిటార్ల తయారీదారు గ్రోవర్ జాక్సన్ దగ్గరికి వెళ్లి తనకోసం ఒక గిటారు చేయించుకున్నాడు. వీలాంటిదే గానీ రెక్కలు సమానం కాదు, పైది పొడవు, కిందిది పొట్టి. ఇప్పుడు జాక్సన్ రోడ్స్ పేరుతో అమ్ముడయ్యే ఆకారానికి మూలం అదే. ఒళ్లో పెట్టుకునే పద్ధతి వీదే, పొడవాటి పై రెక్క ముంజేతికి కాస్త ఎక్కువ ఆనిక ఇస్తుంది. అసలు తేడా తీగల పొడవులో ఉంది.

గిబ్సన్ వీ, ఎక్స్‌ప్లోరర్లలో నట్ (మెడ తల వైపు చివర తీగలు ఆనే చోటు) నుంచి బ్రిడ్జి దాకా లెక్కించే కొలత 24.75 అంగుళాలు, రోడ్స్‌లో 25.5. ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. అదే తీగను అదే శ్రుతిలో బిగిస్తే, పొడవు పెరిగినందువల్ల బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది. మొదటి నాలుగు ఫ్రెట్ల మొత్తం దూరం 4 మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది. శ్రుతిని కిందికి దించి బరువైన రిఫ్‌లు వాయించేవాళ్లకు ఆ బిగువు మంచిది, లావు తీగ వదులై గలగలలాడదు. తీగను వంచి పాడించేవాళ్లకు, చిన్న చేతులవాళ్లకు 24.75 హాయి. ఆకారం చూసి మురిసిపోయి ఈ అంకెను చూడకుండా కొన్నవాళ్లు తరువాత తీగల మందం మారుస్తూ కాలం గడుపుతుంటారు.

రోడ్స్ నమూనాలు చాలావాటికి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉంటుంది. తీగలను రెండు వైపులా బిగించేసే ఈ అమరిక వల్ల ట్రెమొలో బార్‌ను (ఊపితే తీగల స్వరం పైకీ కిందికీ వంగే కడ్డీని) ఎంత ఊపినా శ్రుతి నిలుస్తుంది. కానీ ఒక్క తీగ తెగినా మిగతా తీగల శ్రుతి తప్పుతుంది, పాటకో శ్రుతి మార్చాలంటే నరకం. ఆ బార్ మీద మోజు లేకపోతే కదలని బ్రిడ్జి ఉన్నదే తీసుకోండి. సగం సమయం వాయించడం, సగం సమయం స్క్రూలు తిప్పడం ఎవరికి కావాలి?

మిగతా ఇద్దరి గురించి క్లుప్తంగా. డీన్ ఎమ్మెల్ 1977లో వచ్చింది. వెనక సగం వీలాగా, ముందు సగం ఎక్స్‌ప్లోరర్‌లాగా ఉంటుంది, తల కూడా వీ ఆకారమే. మెటల్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ చేతిలో అద్భుతం. మామూలు గదిలో మాత్రం నాలుగు దిక్కులా కొమ్ములే. బీ.సీ. రిచ్ సంస్థ వార్లాక్ చూపుకు అన్నిటికన్నా భయంకరమైనది, ఒళ్లో మాత్రం అనుకున్నదానికన్నా నెమ్మదైనది, కింద వంపు ఉంది కాబట్టి. నాకైతే దాని తల ఎప్పుడూ కిందికి లాగుతున్నట్టే అనిపించింది.

నాదం ప్రసక్తి ఇంతవరకు తేలేదు, కావాలనే. ఒకే పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), ఒకే ఆంప్లిఫైయర్ పెట్టి కళ్లు మూసుకుని వింటే వీ, ఎక్స్‌ప్లోరర్ తేడా పట్టగలనని నేను పందెం కాయను. పికప్ మార్చవచ్చు, తొడ మీద కూర్చునే తీరును మార్చలేము.

ఇంటి దగ్గర మరో సంగతి ఉంది. ఈ గిటార్లు మామూలు పెట్టెల్లో పట్టవు, వాటి కొలతకే చేసిన పెట్టె కావాలి. గిటారుతో పాటు పెట్టె ఇవ్వకపోతే ధరలో అది కలుపుకుని చూడండి. గోడకు ఆనించి పెడితే వీ నేల మీద రెండు మొనల మీద నిలుస్తుంది, పిల్లి తోక తగిలినా పక్కకు పడుతుంది. తల వెనక్కి వంగి ఉన్న మహాగనీ మెడలకు పడితే విరిగే చోటు ఒకటుంది: నట్‌కు కాస్త పైన, మెడ సన్నబడే దగ్గర. నా వీకి అక్కడే అతుకు ఉంది. తప్పు పూర్తిగా నాదే, ఫోను మోగితే గోడకు ఆనించి వెళ్లాను. గోడకు బిగించే కొక్కెం ఒకటి ముందే కొనుక్కుని ఉంటే ఆ అతుకు ఉండేది కాదు.

ఇక నా తీర్పు. మీకు ఇది ఒక్కటే గిటారు అయితే, రిఫ్‌లే మీ ఇష్టమైతే, ఎలా పడితే అలా కూర్చునే మనిషైతే ఎక్స్‌ప్లోరర్ తీసుకోండి. పొట్టి చేతులకు అంచు వాలుగా చెక్కినది. సోలోలు, పై ఫ్రెట్లు ముఖ్యమై, నిటారుగా కూర్చోవడానికి నెల రోజులు ఓపిక పట్టగలిగితే వీ. శ్రుతి బాగా దించి వాయించేవాళ్లు, లేదా ట్రెమొలో బార్ లేకుండా ఉండలేనివాళ్లు రోడ్స్ వైపు వెళ్లవచ్చు. ఎమ్మెల్, వార్లాక్ రెండో గిటారుగా బాగుంటాయి. కొనే ముందు దుకాణంలో చేతులు లేని కుర్చీ అడిగి తీసుకుని పావుగంట కూర్చోండి, ఆంప్లిఫైయర్ పెట్టకుండానే. రెండు చేతులూ వదిలేసినా గిటారు ఒళ్లో ఉందా, అయిదో నిమిషంలో మీ కుడి భుజం ఎక్కడ ఉంది, ఈ రెండే గమనించండి. అద్దం ముందు నిలబడటం ఆ తరువాత. నేనూ నిలబడ్డాను, అందరూ నిలబడతారు.