డబుల్ ఈగిల్ కోసం: ఫిలడెల్ఫియా చాలదు, కార్నిష్ వెళ్లండి

1907 నాటి అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం, డబుల్ ఈగిల్, అంటే ఇష్టం ఉన్నవాళ్లు ముందు ఫిలడెల్ఫియా టంకశాలకే వెళ్తారు. మేమూ అంతే. టూర్ ఉచితం, పైనుంచి అద్దాల్లోంచి యంత్రాలు కనిపిస్తాయి, పిల్లలు కదలరు. అయితే ఆ నాణెం కొట్టింది ఈ భవనంలో కాదు, ఇది 1969లో తెరిచింది. పాత టంకశాలలో ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ ఉంది.

నాణెం రూపం పుట్టింది న్యూ హాంప్‌షైర్‌లోని కార్నిష్‌లో. బోస్టన్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు. శిల్పి అగస్టస్ సెయింట్-గాడెన్స్ ఇల్లు, స్టూడియో, తోట ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. భవనాలు చలికాలంలో తెరవరు కాబట్టి మే చివరి నుంచి అక్టోబరు చివరి లోపు చూసుకోండి. తినడానికి ఏమన్నా కట్టుకెళ్లండి. మేం పులిహోర తీసుకెళ్లాం, ఎదురుగా అస్కట్నీ కొండ చూస్తూ తిన్నాం.

నన్ను అక్కడ పట్టి నిలిపింది సహాయకుల కథ. ప్రెసిడెంట్ థియొడార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టి ఈ పని అప్పగించేసరికే సెయింట్-గాడెన్స్‌కు క్యాన్సర్. ఊహ, దిద్దుబాట్లు ఆయనవి; నమూనాలు మలిచే పని ఎక్కువగా ఆయన సహాయకుడు హెన్రీ హెరింగ్ మీద పడింది. వాటిని టంకశాలకు మోసుకెళ్లి, నాణెం మీద బొమ్మ ఇంత ఉబ్బెత్తుగా ఉంటే కుదరదన్న అక్కడి చీఫ్ ఎన్‌గ్రేవర్ (అచ్చులు చెక్కేవాళ్ల పెద్ద) చార్లెస్ బార్బర్‌తో వాదించిందీ హెరింగే. బార్బర్ చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు: మొదటి నమూనాతో చేసిన ఒక్కో నాణేనికి తొమ్మిది దెబ్బల దాకా వేయాల్సి వచ్చింది, మధ్యమధ్యలో మళ్లీ కాల్చి మెత్తబరుస్తూ. రోజూ చెలామణీలోకి వెళ్లే డబ్బు అలా తయారు కాదు. ఎత్తు తగ్గించి రెండోది, ఇంకా తగ్గించి మూడోది చేశారు. 1907 ఆగస్టు 3న గురువు పోయారు. ఆ తర్వాత కూడా హెరింగ్ పని వదల్లేదు. చివరికి బార్బర్ మరింత చదును చేశాకే నాణేలు పెద్ద సంఖ్యలో బయటికొచ్చాయి.

నాణెం మీద తేదీ కింద చిన్న ముద్ర ఉంటుంది. అది సెయింట్-గాడెన్స్ పొడి అక్షరాలు మాత్రమే. హెరింగ్‌ది లేదు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. ఇదే స్టూడియోలో పనిచేసిన జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్‌కు మాత్రం 1913 బఫెలో నికెల్ అనే ఐదు సెంట్ల నాణెంతో సొంత పేరొచ్చింది.

పార్కులో రేంజర్లు ఓపిగ్గా మాట్లాడతారు, స్టూడియోలో పని ఎలా సాగేదో తప్పకుండా అడగండి. బసకు లెబనాన్ వైపు మామూలు హోటళ్లు చాలు. అక్టోబరులో ఆకుల రంగులు చూసేవాళ్ల రద్దీతో రేట్లు పెరుగుతాయి, ముందే బుక్ చేసుకోవాలి. దారిలో 1866 నాటి కార్నిష్–విండ్సర్ చెక్క వంతెన వదలొద్దు.

అసలు నాణేలను దగ్గర నుంచి చూడాలనుంటే వాషింగ్టన్‌లోని అమెరికన్ హిస్టరీ మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. కుదిరితే కార్నిష్ ముందు పెట్టుకోండి, అది తర్వాత.