ప్రెషర్ పంపుతో మూడేళ్లు

పై అంతస్తు స్నానాల గదిలో షవరు కింద నిలబడితే, తల తడిసేలోపు భుజాలు ఆరిపోయేవి. ఆ విసుగులోనే మూడేళ్ల కిందట ట్యాంకు నుంచి దిగే గొట్టానికి చిన్న ప్రెషర్ పంపు బిగించాను. కుళాయి తిప్పగానే దానంతటదే మొదలై, కట్టేయగానే ఆగే రకం. రోజూ వాడాక చెబుతున్నాను: పంపు మంచిదే, నేనే తొందరపడి ముందు దాన్ని కొన్నాను.

బిగించిన రోజు షవరు ఉరికింది. అదే గొట్టం మీదున్న వంటగది కుళాయి మాత్రం ఎప్పటిలాగే నీరసంగా కారింది. అనుమానం వచ్చి కుళాయి మూతికి ఉండే జాలీ విప్పి అరచేతిలో దులిపాను. ఇసుక, తెల్లటి సున్నపు పెచ్చులు, ఎప్పుడో మరలకు చుట్టిన టేపు తాలూకు పీచు ఒకటి. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది బిగించాను. పంపు ఆపేసి చూసినా, మూడు నిమిషాలు దాటితే గానీ నిండని పది లీటర్ల బకెట్టు ఒకటిన్నర నిమిషంలో నిండింది. ఇంత ఖర్చు పెట్టి పంపు కొన్నది ఈ గుప్పెడు మట్టి కోసమా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్కడి నుంచి గొట్టం వెంట పైకి వెళ్లాను. ట్యాంకు దగ్గరి గేటు వాల్వు చక్రం బాగానే తిరుగుతోంది గానీ, లోపలి బిళ్ల కాడ నుంచి ఊడి దారికి సగం అడ్డంగా పడి ఉంది. బయటి నుంచి చూస్తే తెరిచినట్టే. దాని బదులు బాల్ వాల్వు పెట్టించాను. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తే గీజరు వైపు వెతకాలి, ఒక్క కుళాయే మొరాయిస్తే దాని జాలీ చూడాలి, ఇల్లంతా తగ్గితే ట్యాంకు వైపు వెళ్లాలి. ఇది ముందే తెలిసి ఉంటే సగం తిప్పలు తప్పేవి.

ఇంత చేసినా షవరుకు పంపు అవసరం తీరలేదు. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకుకూ షవరుకూ మధ్య ఉన్నది రెండు మీటర్లే, అంటే 0.2 బార్. ఎన్ని గొట్టాలు కడిగినా ఆ లెక్క మారదు. అయితే నీళ్లను ఇంత ఎత్తుకు తోస్తుందని పంపు పెట్టె మీద రాసే అంకెను చూసి మురిసిపోవద్దు. అది నీరు కదలనప్పటి గరిష్ఠం, ధార పెరిగే కొద్దీ తగ్గుతుంది. షవరు కింద ఉన్నప్పుడు ఎవరైనా వంటగదిలో కుళాయి తిప్పితే నాకు వెంటనే తెలిసిపోతుంది.

చిరాకులూ ఉన్నాయి. కుళాయిని కాస్తే తిప్పితే పంపు మొదలవుతూ ఆగుతూ గునుస్తుంది. నేరుగా గోడకు బిగించినప్పుడు గదంతా రొద. కింద రబ్బరు ముక్కలు వేశాక తగ్గింది. పంపు పక్క నుంచి, నీటిని ఒకే వైపు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వుతో మరో దారి పెట్టించడం మంచిదైంది, కరెంటు లేనప్పుడు పాత ధారైనా వస్తుంది. వీధి నీటి లైనుకు మాత్రం ఇలాంటి పంపును నేరుగా తగిలించకూడదు. గొట్టానికి ఎక్కడ చిల్లు ఉన్నా బయటి మురికిని లోపలికి పీలుస్తుంది.

రెండో ఏడాది చివర్లో ఒక ఉదయం పంపు అసలు పలకలేదు. కాలిపోయిందనుకున్నాను. ప్రవాహాన్ని పసిగట్టే స్విచ్చు విప్పి చూస్తే, లోపలి చిన్న అయస్కాంతానికి పాత ఇనుప గొట్టాల తుప్పు నల్లటి గడ్డంలా పట్టుకుని ఉంది. గుడ్డతో తుడిచి పెట్టగానే తిరిగింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి తుడుస్తున్నాను. ఇది పాడైతే మళ్లీ ఇదే రకం కొంటాను, కాకపోతే దాని ముందు ఒక జల్లెడ ఫిల్టరు బిగించాకే.