వెనుక వరుసకు వాలిస్నేరియానా, సాజిటేరియానా: విశాఖ నీటిలో దీర్ఘకాలం పెంచాక నా సమీక్ష

ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉన్న మంచినీటి అక్వేరియం హుద్‌హుద్ తుపానుకు ముందు నుంచీ ఉంది. దాని వెనుక అద్దాన్ని కప్పడానికి సాదా వాలిస్నేరియా స్పైరాలిస్, మెలిక ఆకుల వాలిస్నేరియా, జెయింట్ వాలిస్నేరియా, సాజిటేరియా సుబులాటా అనే నాలుగు నీటి మొక్కలనూ వేర్వేరు కాలాల్లో పెంచాను. దుకాణంలో కట్ట కట్టి ఉంచినప్పుడు ఇవన్నీ పచ్చ రిబ్బన్లలాగే కనబడతాయి కనుక, చాలామంది ధర చూసి తీసుకుంటారు. నా అనుభవంలో చూడవలసినవి రెండే: తొట్టి ఎత్తు, మీరు పోసే నీరు. ఈ రెండింటినీ బట్టి మా ఇంటి తొట్టికి సాదా స్పైరాలిస్‌నే ఖాయం చేసుకున్నాను.

మా అపార్ట్‌మెంటు బోరు నీటికి బకెట్ల అంచున తెల్లని పొర కడుతుంది; అంటే ఆ నీటిలో సున్నమూ, బైకార్బనేట్లూ ఎక్కువ. చాలా నీటి మొక్కలకు ఇబ్బంది కలిగించే ఈ గుణమే వాలిస్నేరియాకు కలిసివస్తుంది, ఎందుకంటే నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు అది బైకార్బనేట్ నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలదు. అందుకే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేకుండా, సాధారణ ఎల్‌ఈడీ దీపం కిందనే అది పిలకల మీద పిలకలు వేస్తూ వెనుక వరుసను నింపేసింది. మే నెలలో తొట్టి నీరు ముప్పై డిగ్రీలు దాటినా పెరుగుదల ఆగలేదు. వాలిస్నేరియా జాతులు మన చెరువుల్లోనూ సహజంగా పెరిగేవే కాబట్టి, ఈ ఉష్ణోగ్రత దానికి కొత్త కాదు.

సాజిటేరియా ఆకు మరింత దళసరి, మొక్క గట్టిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ఫిల్టరూ దీపమూ ఆగిపోయిన తొట్టిలో మెలిక వాలిస్నేరియా ఆకులన్నీ మెత్తబడి కరిగిపోతే, పక్కనే ఉన్న సాజిటేరియా ఆకులు దాదాపు చెక్కుచెదరలేదు. అయితే మెలిక రకం మొదళ్ళు గట్టిగానే ఉండటంతో వాటిని పీకకుండా వదిలేశాను, కొన్ని వారాల్లో మళ్ళీ చిగురించాయి. అంత ఓర్పు ఉన్నా సాజిటేరియాను వెనుక వరుసకు నేను సిఫారసు చేయను. దాని ఎత్తు మన చేతిలో ఉండదు: వెలుతురు బాగా తగిలే చోట జానెడు కూడా ఎదగక, నీడలో గుబురుగా ఉన్న చోట మాత్రం సాగుతుంది కనుక, ఒకే వరుసలో ఎగుడుదిగుడుగా కనబడుతుంది. పైగా ఇనుము తక్కువైతే కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు పెడుతూ ఉండాలి. మధ్య వరుసలో అయితే మాత్రం నిజంగా అందమైన మొక్క.

వాలిస్నేరియానూ సాజిటేరియానూ దుకాణంలో కలిపేసి అమ్ముతారు కాబట్టి ఆకు కొస పట్టుకుని చూడండి. వాలిస్నేరియా ఆకు పలుచగా, వెలుతురుకు ఎత్తితే నిలువు ఈనెలు కనబడేలా ఉంటుంది. కొస మొద్దుగా ఉండి, అంచు వెంట వేలు పోనిస్తే సన్నని పళ్ళు తగులుతాయి. సాజిటేరియా అంచు నున్నగా ఉండి, ఆకు కొస వైపు సన్నబడుతుంది.

మెలిక రకం చూడముచ్చటైనదే, కానీ ఆ మెలికల్లో నాచు చిక్కుకుంటే తుడవడం కష్టం. ఎత్తు కూడా తక్కువ కనుక అడుగు ఎత్తు తొట్టికే సరిపోతుంది. జెయింట్ రకం ఆకులు మీటరు దాటి పెరుగుతాయి. అడుగున్నర తొట్టిలో అవి నీటిమట్టం మీద పరుచుకుని కింద ఉన్న వాటికి వెలుతురు అందకుండా చేస్తాయి, కత్తిరిస్తే కోసిన చోట గోధుమ రంగుకు తిరిగి అసహ్యంగా కనబడతాయి. రెండడుగులకు మించిన ఎత్తు, పెద్ద ఏంజెల్ చేపలు ఉన్నవారికి మాత్రం దాన్ని మించినది లేదు.

స్పైరాలిస్‌లో ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. మా తొట్టిలో ఉన్నవన్నీ ఒకే ఆడ మొక్క పిలకలు కాబట్టి, దారం లాంటి కాడ నీటి పైకి సాగి చిన్న తెల్లని పువ్వు విచ్చుకుంటుందే తప్ప గింజ కట్టదు. ఇంట్లో అందరం పనులు మానుకుని చూసేది ఆ పువ్వునే.

నాటేటప్పుడు వేళ్ళు మాత్రమే ఇసుకలోకి వెళ్ళాలి, ఆకులు మొదలయ్యే తెల్లని భాగం పైకి కనబడాలి. అది కూరుకుపోతే కుళ్ళుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో పాత ఆకులు కరిగితే కంగారుపడి పారేయవద్దు. నాచు పోవడానికని, లిక్విడ్ కార్బన్ పేరుతో అమ్మే గ్లుటరాల్డిహైడ్ ద్రావణాన్ని వాలిస్నేరియా ఉన్న తొట్టిలో పోయకండి, చాలాసార్లు ఆకులు గాజులా మారి కరిగిపోతాయి. ఆ మందు వాడక తప్పదనుకునే వారికి మాత్రం సాజిటేరియాయే మేలు.